పోస్ట్‌గ్రెస్‌కు డిస్క్ ఎంత కావాలి: కాగితం లెక్క, శాంపిల్ లెక్క – ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

కొత్త డేటాబేస్‌కు డిస్క్ ఎంత అడగాలో తేల్చడానికి రెండు దారులున్నాయి. కాలమ్‌ల సైజులు కూడి కాగితం మీద లెక్క కట్టడం ఒకటి. పది లక్షల రోలు (టేబుల్‌లోని వరుసలు) నిజంగా ఎక్కించి, కొలిచి, హెచ్చవేయడం రెండోది. రెండింటినీ ఏళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద పక్కపక్కనే వాడుతున్నాను. టేబుల్ వరకు కాగితం లెక్క చాలా దగ్గరగా వస్తుంది. ఇండెక్సుల (త్వరగా వెతకడానికి ఉంచే సూచికల) దగ్గర కాస్త తప్పుతుంది. డిస్క్ నిండిపోవడం మాత్రం చాలాసార్లు ఈ రెండు లెక్కల్లోనూ లేని వాటివల్లే జరుగుతుంది.

ముందు టేబుల్ సంగతి. పేజీ (డిస్క్ మీద టేబుల్‌ను రాసే ఒక్కో ముక్క) 8192 బైట్లు, అందులో 24 హెడర్‌కు పోతే మిగిలేవి 8168. ప్రతి రోకు పేజీలో 4 బైట్ల పాయింటర్ (రో ఎక్కడుందో చెప్పే గుర్తు), దానికి తోడు 23 బైట్ల రో హెడర్. అలైన్‌మెంట్ (8 బైట్ల గుణిజాలకు సర్దడం) వల్ల ఈ హెడర్ 24 అవుతుంది. కాలమ్‌లు ఎనిమిది దాటి, ఆ రోలో ఒక్క నల్ (విలువ లేని కాలమ్) ఉన్నా అదే 32. చివరికి రో మొత్తాన్ని 8 గుణిజానికి పెంచుకోవాలి.

ఒక ఆర్డర్ల టేబుల్ తీసుకుందాం: బిగ్‌ఇంట్ (8 బైట్ల పూర్ణాంకం) రెండు, టైమ్‌స్టాంప్ (తేదీ-సమయం, 8 బైట్లు) ఒకటి, స్మాల్‌ఇంట్ (2 బైట్ల పూర్ణాంకం) ఒకటి, బూలియన్ (అవును/కాదు, 1 బైట్) ఒకటి, సగటున 40 ఇంగ్లిష్ అక్షరాల నోట్. అసలు డేటా 67 బైట్లే. హెడర్ 24, టెక్స్ట్ పొడవు చెప్పే బైట్ 1 కలిపితే 92, సవరిస్తే 96, పాయింటర్‌తో 100. పేజీకి 81 రోలు. పది కోట్ల రోలకు 9.4 జీబీ (ఇక్కడ జీబీ అంటే 1024 లెక్కలోదే). అవే కాలమ్‌లను బూలియన్, బిగ్‌ఇంట్, స్మాల్‌ఇంట్, బిగ్‌ఇంట్, టైమ్‌స్టాంప్, నోట్ అనే వరుసలో పెడితే మధ్యలో ఖాళీ బైట్లు పడి రో 116కు చేరుతుంది, టేబుల్ 10.9 జీబీ అవుతుంది. పెద్ద కాలమ్‌లు ముందు, చిన్నవి తర్వాత, టెక్స్ట్ చివర పెట్టడానికి పైసా ఖర్చు లేదు. టేబుల్ తయారయ్యాక మార్చాలంటే మాత్రం మొత్తం తిరగరాయాలి.

చాలామంది పట్టించుకోనిది అక్షరాల బరువు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికే కాదు, గుణింతం గుర్తుకూ విడిగా 3 బైట్లు. ‘తెలుగు’ చూడటానికి మూడక్షరాలే, డిస్క్ మీద 18 బైట్లు. పై నోట్‌లో 40 తెలుగు కోడ్‌పాయింట్లు (అక్షరం, గుణింతం గుర్తు విడివిడిగా లెక్కేస్తే) ఉంటే అదే టేబుల్ 9.4 నుంచి దాదాపు 17 జీబీకి పోతుంది. టెక్స్ట్ పొడవుకు హద్దు పెట్టే వార్‌చార్ (100) అన్నది బైట్ల పరిమితి కాదు, కోడ్‌పాయింట్ల పరిమితి. ఇంగ్లిష్ శాంపిల్‌తో కొలిచి తెలుగు డేటా నింపేవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ఇండెక్సులకు వద్దాం. మామూలుగా వాడే ఇండెక్స్ రకమైన బీ-ట్రీలో బిగ్‌ఇంట్ కీ ఒక్కోదానికి పాయింటర్‌తో కలిపి 20 బైట్లు. పేజీని 90 శాతమే నింపుతుంది కాబట్టి కోటి రోలకు 214 ఎంబీ. వరుసగా పెరిగే ఐడీకి ఈ అంకె కచ్చితంగా నిలుస్తుంది. ర్యాండమ్ యూయూఐడీ (16 బైట్ల గుర్తింపు విలువ) అయితే పేజీలు మధ్యలో చీలి 70 శాతం దగ్గర స్థిరపడతాయి. పది కోట్ల రోలకు కాగితం మీద 2.9 జీబీ అనిపించేది 3.8 దాకా వస్తుంది. ఒకే విలువ పదేపదే వచ్చే కాలమ్‌కు ఇది తిరగబడుతుంది: వెర్షన్ 13 నుంచి నకళ్లను కలిపి దాస్తుంది కాబట్టి లెక్క కంటే బాగా తగ్గుతుంది. అందుకే ఇండెక్సులకు శాంపిల్‌నే నమ్ముతాను. కొలిచేటప్పుడు పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ అనే ఫంక్షన్ వాడండి. పీజీ_రిలేషన్_సైజ్ టోస్ట్‌ను (పెద్ద విలువలను విడిగా దాచే చోటును), ఇండెక్సులను వదిలేస్తుంది.

శాంపిల్‌కూ లోపాలున్నాయి. ఒకే అక్షరం వెయ్యిసార్లు రాసిన నకిలీ టెక్స్ట్ నింపితే, రో సుమారు 2 కేబీ దాటగానే కంప్రెషన్ దాన్ని నలిపేసి మురిపించే అంకె ఇస్తుంది. పైగా అప్పుడే ఎక్కించిన టేబుల్‌లో చచ్చిన రోలు ఉండవు. అప్‌డేట్ జరిగిన ప్రతిసారీ కొత్త ప్రతి రాసి పాతదాన్ని వదిలేయడమే పోస్ట్‌గ్రెస్ తీరు. ఆ పాతవాటిని తనంతట తానే ఊడ్చే ఆటోవాక్యూమ్ డిఫాల్ట్‌గా 20 శాతం మారేదాకా కదలదు: మన పది కోట్ల టేబుల్‌లో అంటే 2 కోట్ల చచ్చిన రోలు, దగ్గరదగ్గర 2 జీబీ. పెద్ద టేబుల్‌కు ఈ 20 శాతాన్ని పెట్టే స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.2 నుంచి 0.02కు దించడం మంచిది. వాక్యూమ్ ఆ చోటును తిరిగి వాడుకునేలా చేస్తుందే గానీ, టేబుల్ చివరి ఖాళీ పేజీలు తప్ప డిస్క్‌కు వెనక్కివ్వదు. పాత డేటా క్రమంగా తీసేయాల్సి ఉంటే పార్టిషన్లు (టేబుల్‌ను ముక్కలుగా విడదీయడం) పెట్టి డ్రాప్ చేయడమే దారి.

ఇక లెక్కలో కనబడనివి. వాక్యూమ్ ఫుల్ (టేబుల్‌ను మొత్తం తిరగరాసి ఖాళీ తీసేసే ఆదేశం), ఇంట్‌ను బిగ్‌ఇంట్‌గా మార్చడం లాంటివి టేబుల్‌కూ ఇండెక్సులకూ కొత్త ప్రతి తయారయ్యేదాకా పాతదాన్ని ఉంచుతాయి. కాబట్టి అతి పెద్ద టేబుల్ ఇండెక్సులతో కలిపి ఎంతుందో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. సార్ట్‌ల టెంపరరీ ఫైళ్లకు డిఫాల్ట్‌గా హద్దు లేదు, టెంప్_ఫైల్_లిమిట్ పెట్టండి. వీటన్నిటికంటే ప్రమాదం వాల్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్). మ్యాక్స్_వాల్_సైజ్ 1 జీబీ అని చూసి ధైర్యపడకూడదు, అది మెత్తని హద్దు, దాటిపోవచ్చు. రెప్లికా (నకలు సర్వర్) పడిపోయి దాని స్లాట్ (అది ఎక్కడిదాకా చదివిందో గుర్తుంచుకునే నమోదు) మిగిలిపోతే వాల్ ఆగకుండా పేరుకుంటుంది. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ డిఫాల్ట్ -1, అంటే హద్దే లేదు. వాల్ ఉన్న డిస్క్ నిండితే సర్వర్ ప్యానిక్‌తో ఆగిపోతుంది. ఆ కంగారులో పీజీ_వాల్ ఫోల్డర్‌లోంచి చేత్తో ఫైళ్లు తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. దిక్కులేని స్లాట్‌ను తొలగించాలి, లేదా డిస్క్ పెంచాలి.

చివరిగా కొనేవాళ్లకు: పెట్టె మీద 1 టీబీ అని రాసున్న డిస్క్ పోస్ట్‌గ్రెస్ చూపే లెక్కలో 931 జీబీయే. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్‌గా అందులో 5 శాతం రూట్‌కు (అడ్మిన్ యూజర్‌కు) పక్కన పెడుతుంది, పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు అది అందదు. డేటాకే కేటాయించిన వాల్యూమ్ అయితే ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు.