టంగ్‌స్టన్ కరిగే వేళ: కొలిమా, కరెంటు పల్సా?

వెలుగును బట్టి వేడిని కొలిచే పైరోమీటర్‌తో ఎర్రటి కాంతిలో చూస్తే, 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే టంగ్‌స్టన్ దాదాపు 500 డిగ్రీలు తక్కువగా కనిపిస్తుంది. లోహం కృష్ణ వస్తువంత, అంటే ఆ వేడికి వీలైనంత ఎక్కువ వెలుగు ఇచ్చే ఆదర్శ వస్తువంత, వెలుగు ఇవ్వదు మరి. అలా కనిపించే విలువే రేడియన్స్ ఉష్ణోగ్రత. లోహం కరిగే వేళ దాన్ని కొలవాలంటే కొలిమిలో వేడిచేయాలా, కరెంటు పల్స్‌తోనా?

బంగారానికైతే కొలిమే మేలు. గ్రాఫైట్ మూసలో 1064.18 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టేంతసేపూ ఉష్ణోగ్రత కదలదు, నింపాదిగా కొలవచ్చు. టంగ్‌స్టన్‌కు ఆ మూస పనికిరాదు, కార్బన్ లోహంలో కలిసిపోతుంది. పైగా వేడెక్కిన గోడల వెలుగు లోహం మీద పడి తిరిగొస్తే కొలత తప్పుతుంది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో ఆరెడ్ సెజైర్లియన్ బృందం వేరే దారి పట్టింది. లోహంలోకి భారీ కరెంటు పంపి, సెకనులోపే కరిగించారు. మూస అక్కర్లేదు, చుట్టూ గోడలు చల్లగానే ఉంటాయి. కరగడం మొదలవగానే పైరోమీటర్ గీత కాసేపు చదునుగా నిలుస్తుంది. నన్ను అబ్బురపరిచేది ఇదే: ఉపరితలం ముందు నున్నగా ఉన్నా గరుకుగా ఉన్నా, ఆ చదును దాదాపు ఒకే విలువ దగ్గర వస్తుంది!

అయితే ఒక్కో నమూనాతో ఒక్కసారే కరిగించి చూడగలం, మిల్లీసెకన్లలో చదివే పైరోమీటర్ కావాలి. అయినా ఇంత వేడిలో కరిగే లోహాలకు నేను పల్స్ పద్ధతినే ఎంచుకుంటాను.