పుట్టిన దూడకు కాల్షియం: సూది మేలా, ముర్రుపాలు మేలా?

బర్రెలు ఈనే రోజుల్లో దేవరకొండ, అచ్చంపేట వైపు పాడి రైతులు అడిగేది ఒకటే: దూడ లేవడం లేదు, తల్లికి ఎక్కించినట్టే దీనికీ కాల్షియం ఎక్కిద్దామా, ముర్రుపాలు చాలా?

నేను ముర్రుపాల వైపే. కారణం దూడ గుండెలో ఉంది.

పెద్ద పశువు గుండె కండరం కాల్షియాన్ని కణాల లోపలే నిల్వ చేసుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ కొంత వదిలి, మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఎలుక, కుందేలు పిల్లల్లో ఈ ఏర్పాటు పుట్టేనాటికి చాలా పచ్చిగా ఉంటుంది. దూడలు, గొర్రెపిల్లలు కాస్త ఎదిగి పుట్టినా వాటి గుండె పెద్దవాటి గుండెకు సాటి రాదు. అందుకే లేత గుండె రక్తంలోని కాల్షియం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అది తగ్గితే గుండె బలంగా ముడుచుకోలేదు. కాల్షియం లేని ద్రావణంలో కప్ప గుండె ఆగిపోతుందని లండన్‌లో సిడ్నీ రింగర్ 1883లోనే చూపాడు. అదే కాల్షియం ఒక్కసారిగా పెరిగితే లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. ఎంత ఇచ్చామన్నదాని కంటే ఎంత వేగంగా ఇచ్చామన్నదే ఇక్కడ ముఖ్యం. పెద్ద బర్రెకు 450 మిల్లీలీటర్ల సీసా ఎక్కించేటప్పుడే డాక్టరు గుండె చప్పుడు వింటూ నిదానంగా వదులుతారు. 30 కిలోల దూడ విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి!

పైగా దూడకు సాధారణంగా కాల్షియం లోటే ఉండదు. కడుపులో ఉండగా మాయ దానికి తల్లి రక్తంలో కంటే ఎక్కువ కాల్షియం అందిస్తుంది. ఉన్నట్టుండి పాలలోకి కాల్షియం పోయి పడిపోయేది తల్లి. దూడ నీరసానికి కష్టమైన ఈత, చలి, ఆకలి కారణాలు. ముర్రుపాలలో మామూలు పాలకంటే కాల్షియం ఎక్కువ, అదీ పేగుల ద్వారా మెల్లగా రక్తంలో చేరుతుంది. శక్తి, రోగనిరోధకత అదనం. మాయ పడేదాకా ఆగవద్దు. దూడను తుడిచి, రెండు గంటల్లోపు తాగించండి.

చర్మం కింద సూది తల్లికి పనికొస్తుంది, దూడకు అవసరం రాదు. చప్పరించలేని దూడ గొంతులో కాల్షియం మందు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నల్లగొండ నీళ్ల ఫ్లోరైడ్ దెబ్బ ఎముకలకు, పళ్లకు. పుట్టిన రోజే దూడకు కాల్షియం సూది వేయడానికి అది కారణం కాదు.

సూది ప్రాణం నిలిపే సందర్భం ఒకటుంది. పారుడుతో ఒళ్లు చల్లబడిన దూడకు ఎడమ మోచేతి వెనక అరచేయి ఆనించండి. నిమిషానికి 100కు పైగా కొట్టుకోవాల్సిన గుండె నెమ్మదించి, మధ్యమధ్య తప్పుతుంటే రక్తంలో పొటాషియం పెరిగి ఉండవచ్చు. అప్పుడు గుండెను కాపాడటానికి డాక్టరే నరంలోకి కాల్షియం ఇస్తారు. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేయండి.