స్టాటాలో స్టార్ గుర్తు: కీప్‌కి బంగారం, డ్రాప్‌కి గండం

సర్వే డేటాతో స్టాటాలో (గణాంకాల సాఫ్ట్‌వేర్) పని మొదలుపెట్టిన వాళ్లకి ముందుగా నచ్చేది స్టార్ గుర్తే. ఆరొందల కాలమ్‌లున్న ఫైల్లోంచి భూమి వివరాలే కావాలంటే ‘కీప్ హెచ్‌హెచ్‌ఐడి ల్యాండ్*’ అంటే చాలు: కుటుంబం నంబరూ (హెచ్‌హెచ్‌ఐడి), పేరు ‘ల్యాండ్’తో మొదలయ్యే కాలమ్‌లన్నీ ఉంటాయి, మిగతావి పోతాయి. ఫైలు తెరిచేటప్పుడే ‘యూజ్ హెచ్‌హెచ్‌ఐడి ల్యాండ్* యూజింగ్’ అని ఫైలు పేరు ఇస్తే ఇంకా మేలు, మిగతావి అసలు మెమరీలోకే రావు. మామూలు ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ల భాష) స్టార్ అంటే మొత్తం కాలమ్‌లు. సగం పేరు చెప్పి కొన్నిటిని ఏరుకోవడం కుదరదు. అందుకే చాలాకాలం దీనికి పదికి పది వేస్తూ వచ్చాను. కీప్ వరకు ఇప్పటికీ అంతే. కాలమ్‌లను తీసేసే డ్రాప్‌కి మాత్రం వెయ్యను.

కారణం మన జిల్లాలు. డిస్ట్ అనే కాలమ్‌లో జిల్లా కోడ్లుంటే, ‘టాబ్యులేట్ డిస్ట్, జనరేట్(డి)’ అంటే ఒక్కో జిల్లాకి ఒక్కో సున్నా-ఒకటి కాలమ్ తయారవుతుంది. తెలంగాణ ఏర్పడినప్పుడు పది జిల్లాలు కాబట్టి డి1 నుంచి డి10. అంకె ముందు సున్నా పెట్టదు, డి01 అనదు; మొత్తం గండం ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ అక్షరక్రమంలో హైదరాబాద్ రెండోది, అంటే డి2. రిగ్రెషన్‌లో (ఒకదాని మీద మిగతావాటి ప్రభావం కొలిచే లెక్క) హైదరాబాద్‌ని బేస్‌గా, అంటే మిగతా జిల్లాలను పోల్చి చూసే జిల్లాగా పెట్టాలంటే డి2తో పాటు, ఆదాయంతోనూ కుటుంబ సంఖ్యతోనూ హెచ్చవేసి చేసుకున్న డి2_ఇన్‌కమ్, డి2_సైజ్ కూడా తీసెయ్యాలి. ‘డ్రాప్ డి2*’ అంటే ఆ మూడూ పోతాయి. కావలసిందీ అదే.

2016 అక్టోబరు 11న జిల్లాలు 31 అయ్యాయి. పాత పదికీ పాత కోడ్లే ఉంచి, కొత్తవాటికి 11 నుంచి ఇచ్చిన డేటా మీద అదే డూ-ఫైల్ (కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైలు) నడిపితే డి2 ఒక్కటే కాదు, డి20 నుంచి డి29 దాకా అన్నీ ఊడ్చుకుపోతాయి. పదకొండు జిల్లాలు, ఒక్కోదానికి మూడు చొప్పున 33 కాలమ్‌లు. తెర మీద ఒక్క ఎర్ర అక్షరం రాదు. రిగ్రెషన్ చక్కగా నడుస్తుంది, ఎందుకంటే ఆ పదకొండూ కలిసి బేస్ అయిపోతాయి. టేబుల్ కింద ‘హైదరాబాద్‌తో పోలిస్తే’ అని రాసి ఉంటుంది, పై అంకెలు మాత్రం పదకొండు జిల్లాల కలగలుపుతో పోల్చినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాక కూడా డి2*కి తగిలేవి అవే పదకొండు. 31 జిల్లాల సర్వేలోనూ 33 జిల్లాల సర్వేలోనూ తప్పు ఒకేలా ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

నా బాధల్లా ఒకటే: పేర్లు మార్చే రీనేమ్‌కి ‘డ్రైరన్’ ఆప్షన్ ఉంది, ఏ పేరు ఏమవుతుందో ముందే చూపిస్తుంది. పేరు మారితే మళ్లీ మార్చుకోవచ్చు. కాలమ్ పోతే ఏం చేస్తాం? అన్‌డూ లేదు; ముందే ‘ప్రిజర్వ్’ కమాండ్‌తో నకలు దాచుకోకపోతే ఫైలు మళ్లీ తెరవాల్సిందే. జాగ్రత్త ఎక్కువ కావలసిన డ్రాప్‌కే ఆ ఆప్షన్ లేదు.

ఇప్పుడు వాడేది ఇలా. ‘డ్రాప్ డి2 డి2_*’ అని అండర్‌స్కోర్‌తో కట్టేస్తే డి20 జోలికి పోదు. లేదా టాబ్యులేట్ అయిన వెంటనే, హెచ్చవేతలు చేసుకోకముందే ‘రీనేమ్ డి(#) డి(##)’ అంటే ఒంటి అంకెల పేర్లన్నీ డి01, డి02 అవుతాయి. అన్నిటికన్నా గట్టిది, స్టార్‌ని పూర్తి పేర్లుగా విప్పి మనమిచ్చిన పేరు కింద దాచే అన్అబ్: ‘అన్అబ్ పోయేవి : డి2*, మ్యాక్స్(3)’. మూడు కంటే ఎక్కువ తగిలితే 103 నంబరు ఎర్రర్ ఇచ్చి డూ-ఫైల్ అక్కడే ఆగిపోతుంది. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఎక్స్ అనే పేరు కింద దాచమని ‘లోకల్ ఎక్స్ డి2*’ అని రాస్తే లోపల దాచుకునేది స్టార్‌నే, వాడిన ప్రతిసారీ అది కొత్తగా విప్పుకుంటుంది. మధ్యలో డి2_లాగ్ ఒకటి తయారుచేస్తే అదీ చేరిపోతుంది. అన్అబ్ ఆ క్షణానికి ఉన్న పేర్లను విప్పి దాచుకుంటుంది.

స్టార్ వద్దని ‘డి1-డి9’ అని హైఫన్ పెడితే గొడవ తీరిపోదు. అది చూసేది అంకెలను కాదు, ఫైల్లో కాలమ్‌లున్న వరసను. అంతకుముందు ఎవరైనా ‘ఆర్డర్ _ఆల్, ఆల్ఫబెటిక్’ నడిపి ఉంటే డి1 తర్వాత డి10 వస్తుంది, డి9 అన్నిటికంటే చివర ఉంటుంది. అప్పుడు డి1-డి9లో 33 జిల్లాలూ ఉన్నట్టే.

స్టార్ పెట్టకపోయినా పేరు దానంతటదే సాగుతుంది. ‘డ్రాప్ ల్యాండ్’ పొరపాటున రెండుసార్లు నడిస్తే, రెండోసారి ల్యాండ్ లేదు కాబట్టి, ఆ అక్షరాలతో మొదలయ్యేది ల్యాండ్_వెట్ ఒక్కటే ఉంటే అదీ పోతుంది. ఇది ఆగాలంటే ‘సెట్ వేరబ్రెవ్ ఆఫ్, పర్మనెంట్లీ’ అని ఒక్కసారి కొట్టి పెట్టుకోండి.

స్టాటా 11 నుంచి రిగ్రెషన్ కమాండ్‌లోనే ‘ఐబి2.డిస్ట్’ అంటే కాలమ్‌లు తయారు చేసుకోకుండానే కోడ్ 2 బేస్ అవుతుంది. కొత్తగా రాసేవాళ్లకి ఈ గొడవ సగం ఉండదు. నా ముందున్నవి ఎక్కువగా పదేళ్ల నాటి డూ-ఫైళ్లు, వెడల్పాటి గృహ సర్వేలు. నాలాంటి వాళ్లు కీప్‌లో స్టార్ కళ్లు మూసుకుని వాడొచ్చు, డ్రాప్‌లో మ్యాక్స్ పెట్టి వాడాలి. మీ ప్రశ్నావళి పేర్లు మొదటినుంచీ సున్నాలు పెట్టి ఒక పద్ధతిగా ఉంటే నా అంత భయపడక్కర్లేకపోవచ్చు.