బోటు జీపీఎస్ స్పీడోమీటరు: ఐదేళ్ల వాడకం, సొంత రిపేర్ల తర్వాత

ఉపగ్రహాల సిగ్నలు పట్టుకుని బోటు వేగం చూపించే మీటరు ఇది, 85 మి.మీ. రంధ్రంలో కూర్చునే మామూలు రకం. నల్ల డయల్, ఎర్ర ముల్లు, అడుగున చిన్న ఎల్‌సీడీ, పొడుగాటి వైరు చివర అగ్గిపెట్టెంత యాంటెన్నా. 12 వోల్టుల మీదా 24 మీదా నడుస్తుంది. ఔట్‌బోర్డు ఇంజను ఫైబర్ బోటు మీద, కాకినాడ వైపు ఉప్పుగాలిలోనూ గోదావరి పాయల్లోనూ ఐదేళ్లు నడిచింది. ఈ ఐదేళ్లలో రెండు యాంటెన్నాలు మారాయి, ఒకసారి అద్దం విప్పాల్సి వచ్చింది. మీటరు మాత్రం అదే. పాడైందనుకున్న ప్రతిసారీ తప్పు వైర్ల దగ్గరో యాంటెన్నా దగ్గరో దొరికింది. అందుకే ముందే అద్దం విప్పొద్దు.

స్విచ్ వేయగానే ముల్లు చివరిదాకా వెళ్లి సున్నాకు తిరిగొస్తే లోపలి సర్క్యూట్ బోర్డు, ముల్లును తిప్పే మోటారు, కరెంటు మూడూ బాగున్నట్టే. ఆ తర్వాత కూడా ఎల్‌సీడీలో గీతలే కనిపిస్తుంటే యాంటెన్నా వైపు చూడాలి. ముల్లు అసలు కదలకపోతే కరెంటు వైపు. డయల్ లైటు వెలుగుతోంది కదా, కరెంటు వస్తోందిలే అనుకోవద్దు. చాలా మీటర్లలో లైటుకు వేరే వైరు ఉంటుంది.

యాంటెన్నాలు రెండు రకాలు. ఒకే కోయాక్స్ వైరు (మధ్యలో ఒక తీగ, చుట్టూ రాగి అల్లిక ఉండేది), చివర మరతో బిగించే ఇత్తడి కనెక్టరు ఉంటే ఉపగ్రహ సిగ్నలును చదివే రిసీవరు మీటరు లోపల ఉంది. మూడు నాలుగు సన్న వైర్ల ప్లగ్గు ఉంటే రిసీవరు బయట, ఆ డబ్బాలోనే ఉంది. మొదటి రకానికి పరీక్ష సులువు. యాంటెన్నా విప్పేసి, మీటరు సాకెట్టు మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య మల్టీమీటరు పెట్టాలి. 3 నుంచి 5 వోల్టులు రావాలి. వస్తే బోర్డు బాగుంది, పోయింది యాంటెన్నాయో దాని వైరో. విప్పినప్పుడు వచ్చిన వోల్టేజి యాంటెన్నా తగిలించగానే పడిపోతే వైరు లోపల షార్టు అయింది.

వైరు ఎప్పుడూ రెండు చోట్లే చెడుతుంది: యాంటెన్నా డబ్బాలోంచి బయటికొచ్చే మెడ దగ్గర, డెక్కు రంధ్రం అంచుకు రాసుకునే చోట. పైతొడుగు మీద సూది మొనంత చిల్లు చాలు, లోపలి అల్లిక దీపం వత్తిలా ఉప్పునీటిని పీల్చుకుంటుంది. చిల్లు పడిన చోటికి జానెడు ఇవతల కోసి చూసినా ఎర్రగా ఉండాల్సిన రాగి బొగ్గులా నల్లబడి ఉంటుంది. అక్కడ కోసి, పురి తిప్పి, టేపు చుట్టే పని ఈ వైరుకు పనికిరాదు. జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నలు అలాంటి అతుకు దగ్గరే చాలావరకు పోతుంది. యాంటెన్నా మొత్తం మార్చడమే దారి. డెక్కు రంధ్రంలో రబ్బరు గ్రామెట్ (వైరు అంచుకు రాసుకోకుండా ఆపే రింగు) వేస్తే కొత్త యాంటెన్నా వైరు ఎక్కువ కాలం ఉంటుంది.

రెండో రకానికి యూఎస్‌బీ–టీటీఎల్ అడాప్టరు (డబ్బా పంపే డేటాను లాప్‌టాప్‌కు చేర్చేది), లాప్‌టాప్ కావాలి. అడాప్టరు ఎర్త్‌ను డబ్బా ఎర్త్‌కు కలిపి, డేటా వైరును అడాప్టరు ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్నుకు ఇచ్చి, ముందు 9600 బాడ్ డేటా వేగం దగ్గర చూడండి. సమయం, చోటు, వేగం చెప్పే ఆర్‌ఎంసీ అనే వరసలు సెకనుకు ఒకటి చొప్పున దిగాలి. అందులో సమయం తర్వాత వచ్చే అక్షరం 'ఏ' అయితే ఫిక్స్ (బోటు ఉన్న చోటు) దొరికినట్టు, 'వి' అయితే ఇంకా వెతుకుతున్నట్టు. ఆకాశం కింద పది నిమిషాలున్నా 'వి' దగ్గరే ఆగితే డబ్బా మార్చాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఒడ్డునే ఉండిపోతే, రిసీవరు పక్కనుండే బుల్లి బ్యాకప్ బ్యాటరీ దిగిపోయి, గుర్తుంచుకున్న ఉపగ్రహ వివరాలు చెరిగిపోతాయి. మొదటి రోజు ఫిక్స్ ఆలస్యమైతే కంగారు పడనక్కర్లేదు. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు 30 సెకన్లకోసారి పంపుతుంది. మడచెట్ల నీడలో సిగ్నలు మధ్యలో తెగితే తెగిన ముక్క కోసం మళ్లీ ఆగాలి. బోటును ఖాళీ ఆకాశం కిందికి తెచ్చి కదలకుండా ఉంచితే త్వరగా పట్టుకుంటుంది. యాంటెన్నాను ఫైబర్ కప్పు కింద పెట్టినా పర్వాలేదు. అల్యూమినియం రేకు కింద మాత్రం వద్దు, వీహెచ్‌ఎఫ్ (బోటు వైర్‌లెస్ సెట్టు) యాంటెన్నాకు కనీసం ఒక మీటరు దూరం ఉండాలి.

ఇక కరెంటు. 12 వోల్టుల బోటులో ఇంజను తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉండాలి. అదే సమయంలో మీటరు పిన్నుల దగ్గర కొలిస్తే 0.3 వోల్టు కంటే ఎక్కువ తేడా రాకూడదు. వస్తే ఎక్కడో చిలుం పట్టింది. లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) విప్పి, వెనిగర్‌లో ఐదు నిమిషాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడిగి, బాగా ఆరాక గ్రీజు రాయాలి. వైరే నల్లబడితే కొత్తది వేయాలి, అదీ తగరం పూత ఉన్న రాగి వైరు. 1 ఆంపియరు ఫ్యూజు సరిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా మీటరు ఆరి వెలుగుతుంటే మీటరును అనుమానించొద్దు, బ్యాటరీ నీరసించింది. బిల్జి పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) నెగటివ్‌కే మీటరు నెగటివ్ కలిపి ఉంటే పంపు తిరిగిన ప్రతిసారీ ముల్లు వణుకుతుంది. బ్యాటరీ నుంచి వేరే నెగటివ్ లాగండి.

అద్దం లోపల ఆవిరి పట్టడం ఈ మీటరు అసలు బలహీనత. 'ఐపీ67' (దుమ్ము, నీరు చొరబడవనే గుర్తు) అని పెట్టె మీద రాసి ఉన్నా మూడో ఏడు దాటాక రింగు కింద రబ్బరు గట్టిపడింది. విప్పేటప్పుడు సన్న స్క్రూడ్రైవరుతో రింగు వెనక మడతను చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి. ఒకే చోట లాగితే రింగు వంకర పోతుంది. అద్దం అక్రిలిక్ కాబట్టి థిన్నరు, అసిటోను తగిలితే పగుళ్లు పడతాయి. సబ్బునీళ్లే చాలు. లోపలి భాగాన్ని సిలికా జెల్ పొట్లాలతో మూత డబ్బాలో ఒక రాత్రంతా ఉంచి, న్యూట్రల్ సిలికోన్‌తో మూయాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ రాగిని తినేస్తుంది. సూపర్ గ్లూ ఆవిరి అద్దానికి తెల్లటి పొర పట్టిస్తుంది.

ఎల్‌సీడీ అంకె సరిగ్గా ఉండి ముల్లు వెనకబడితే ముందు కరెంటు తీసి వేయండి, ముల్లు సున్నా వెతుక్కుంటుంది. అప్పటికీ కుదరకపోతే ముల్లును తిప్పే స్టెప్పర్ మోటారు చూడాలి. మా దాంట్లో ఉన్న ఎక్స్27 రకానికి రెండు కాయిల్స్, ఒక్కోటి సుమారు 280 ఓములు. ఒకటి తెగితే మోటారు మార్చాలి, నాలుగు కాళ్లకు టంకం పెట్టే పనే. ముల్లు తీసేముందు సున్నా దగ్గర అది ఆగే చోటును ఫొటో తీసుకోండి. అటొకటి ఇటొకటి రెండు టీ చెంచాలు పెట్టి సమానంగా పైకి లేపాలి. డయల్ గీతలు పడకుండా చెంచాల కింద దళసరి కాగితం పెట్టాలి.

రిపేరు అక్కర్లేని ఫిర్యాదులు రెండు. వేగం తక్కువ చూపిస్తోందంటే యూనిట్ నాట్లలో ఉందేమో చూడండి. 1 నాట్ అంటే గంటకు 1.852 కి.మీ., కాబట్టి నాట్లలో 20 అంటే గంటకు 37 కి.మీ. రెండోది, ఇంజను ఒకే వేగంలో తిరుగుతుంటే ఏటివాలున 18, ఎదురు వెళ్తే 12 చూపిస్తుంది. మీటరు చెప్పేది నేలను బట్టి వేగం, నీటిని బట్టి కాదు. బోటు వేగం 15, ప్రవాహం 3, మీటరు చెప్పింది సరే. నీటిలో తిరిగే ప్యాడిల్ చక్రం రకం అయితే నీటి వేగమే చెప్పేది, కానీ ఒండ్రు, నాచు పట్టి నెలకోసారి శుభ్రం చేయించుకుంటుంది.

మళ్లీ కొనాల్సి వస్తే మర కనెక్టరు ఉన్న కోయాక్స్ రకమే తీసుకుంటాను. దానికి సరిపోయే యాక్టివ్ (మీటరు నుంచే కరెంటు తీసుకునే) యాంటెన్నా కొన్ని వందల రూపాయలకు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరుకుతుంది. ప్లగ్గు రకంలో డబ్బా పోతే అమ్మినవాడి దగ్గరికే వెళ్లాలి, అతను ఆ మోడలు ఆపేసి ఉంటే మీటరు మొత్తం కొత్తది.