మెమరీ క్లీనరా, ఇంకో ర్యామ్ ముక్కా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మా బావగారింట్లో పాత కంప్యూటర్, 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాముల సరుకు ఉండే తాత్కాలిక మెమరీ). బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మౌస్ బాణం అక్కడే నిలబడిపోతుంది. "బావా, ర్యామ్ ఖాళీ చేసే ఈ మెమరీ క్లీనర్ ఎక్కిస్తే సరిపోద్దేటి?" అన్నారు.

ఎక్కించాం. బటన్ నొక్కగానే టాస్క్ మేనేజర్‌లో మెమరీ వాడకం 85 శాతం కాస్తా 50కి దిగింది. బావగారి ముఖం వెలిగింది. తీరా ట్యాబు మార్చబోతే హార్డ్‌డిస్క్ గరగరలు, ఇందాకటికన్నా ఆలస్యం. అది ర్యామ్‌ని పెంచలేదుగా! నడుస్తున్న ప్రోగ్రాముల సరుకునే బయటికి నెట్టింది, కొంత డిస్కు మీద ర్యామ్‌కి బదులు వాడుకునే పేజ్ ఫైల్‌లోకి. మళ్లీ కావాలంటే అక్కణ్నుంచే మోసుకురావాలి. ర్యామ్‌లో ఉంటే నానోసెకన్ల పని, తిరిగే డిస్కులో మిల్లీసెకన్లు. అసలు మిగిలిన ర్యామ్‌ని విండోస్ క్యాష్‌గా, అంటే మళ్లీ కావాల్సిరావచ్చన్న సరుకు దాచుకునే చోటుగా వాడుకుంటుంది, ఎవరికైనా అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. ఖాళీగా ఉంచి ఏం లాభం?

ఏదో ఒక ప్రోగ్రామే మెమరీ మింగేస్తుంటే మూసి తెరిస్తే చాలు, దానికి క్లీనరెందుకు?

ఇంకో 4 జీబీ ముక్క వేశాక గరగర తగ్గింది. కొనేముందు మీ కంప్యూటర్‌కి పట్టే ర్యామ్ రకం డీడీఆర్3నో 4నో చూసుకోండి, ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చోదు. ఆన్ అవడం మాత్రం ఇప్పటికీ నిదానమే. దానికి హార్డ్‌డిస్క్ బదులు, తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ వేయాలి. "సంక్రాంతి వెళ్లాక చూద్దాం" అన్నారు బావగారు.