డ్యూబియా పేరుతో ఇంటి బొద్దింకలు: కొనేవారికి హెచ్చరిక

కావలిలో ఒక బియర్డెడ్ డ్రాగన్‌ను (బల్లి జాతి పెంపుడు జంతువు) పెంచుతున్న నేను, దాని మేత కోసం రోహిణి కార్తెలో తెప్పించుకొన్న డ్యూబియా బొద్దింకల (ఇలా మేతకోసమే పెంచే రకం) విషయంలో మోసపోయాను. అదే అమ్మకందారు ఒంగోలు, నెల్లూరు వైపు మరికొందరితోనూ బేరం మాట్లాడుతున్నాడని తెలిసి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నడిమి సైజువి 200 అని మాట్లాడుకొని 1,600 రూపాయలు ముందే పంపాను. బస్సు కార్గోలో వచ్చిన పెట్టెకు రెండే రెండు చిల్లులున్నాయి. లోపల కోడిగుడ్ల అట్ట ఒక ముక్క, దానికి అంటుకొని కుళ్లిన క్యారెట్ కనిపించాయి. సగానికి పైగా చచ్చి ఉన్నా, ఈ ఎండలకు మామూలేనని సరిపెట్టుకొని, బతికినవాటిలో ఆరింటిని ఆ సాయంత్రమే డ్రాగన్‌కు వేశాను. అంత తొందరపడటం నా తప్పే.

మిగిలినవాటిని నున్నటి ప్లాస్టిక్ టబ్బులోకి మార్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. డ్యూబియాలు నున్నటి గోడను ఎక్కలేవు. వీటిలో ముప్పైకి పైగా చకచకా అంచుదాకా పాకి వచ్చాయి. లైటు కింద పెట్టి చూస్తే ఎర్రటి గోధుమ రంగు, తల వెనుక పలక చుట్టూ పసుపు అంచు: మన వంటింటి తూము దగ్గర తిరిగేవే. డ్యూబియా పిల్ల చింతగింజలా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. పెద్దవాటిలో పూర్తి రెక్కలు మగవాటికే ఉంటాయి, ఆడవాటివి మొండి రెక్కలు. ఇంకొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకొంటున్నాయి. పురుగుమందు తగిలిన బొద్దింక అలాగే కొట్టుకొంటుంది.

మర్నాటికి డ్రాగన్ మెడ నిలపలేక వణకసాగింది. తిరుపతికి తీసుకువెళితే, మేత ద్వారా విషం చేరి ఉండవచ్చునని వైద్యులు అన్నారు. నాలుగు రోజులకు తేరుకొంది.

వీడియో పంపినందుకు అమ్మకందారు ఇచ్చిన జవాబు "బొద్దింక బొద్దింకే కదండీ". ఆ పైన నా నంబరు బ్లాక్ చేశాడు. వాటికి ఏం పెడుతున్నారని కొనకముందు అడిగితే కోళ్ల దాణా, కుక్క బిస్కెట్లు అన్నాడు. నిజానికి అప్పుడే ఆగవలసింది. మాంసకృత్తులు మితిమీరితే బొద్దింక యూరిక్ యాసిడ్‌ను ఒంట్లోనే దాచుకొంటుంది, అటువంటివాటిని నెలల తరబడి తిన్న జంతువుకు గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకొని కీళ్లు వాచే జబ్బు) వచ్చే ముప్పు ఉంది.

ఎవరి దగ్గర కొన్నా పార్సెల్ విప్పుతూ వీడియో తీయండి, ముందుగా టబ్బులో వేసి గోడ ఎక్కుతున్నాయేమో చూడండి, వారం పది రోజులు విడిగా ఉంచి క్యారెట్, చిలగడదుంప పెట్టి, అప్పటికీ హుషారుగా ఉన్నవాటినే వాడండి. నీళ్ల గిన్నె పెట్టవద్దు, బొద్దింక పిల్లలు మునిగి చస్తాయి. మేతగా వేసే బొద్దింక డ్రాగన్ రెండు కళ్ల నడిమి దూరాన్ని మించకూడదు. క్యాల్షియం పొడి అద్దడం మరువకండి.

గోడ ఎక్కినవాటిని కాలువలోకి వదలకుండా కాగే నీళ్లు పోసి చంపాను. రెండు మూడు తప్పించుకొన్నాయేమోనని మా ఇంట్లో ఇప్పటికీ నాకు చీవాట్లు పడుతున్నాయి. తేలిన అసలు డ్యూబియాలు నలభై లోపే. వాటి పిల్లలు ఎదగడానికి నాలుగైదు నెలలు పడుతుంది కనుక అంతవరకు డ్రాగన్‌కు ఎక్కువగా ఆకుకూరలే. ఆ నంబరు, పార్సెల్ వీడియో కావలసినవారు అడిగితే విడిగా పంపుతాను.