సైనిక ఆపరేషన్లలో రిస్క్: ముందే లెక్క వేసుకోవడమా, అక్కడికక్కడ తేల్చుకోవడమా?

సైనిక ఆపరేషన్లలో రిస్క్‌ను అంచనా వేసే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, మిషన్ మొదలవకముందే కూర్చుని కాగితం మీద పెట్టి చేసేది. రెండోది, పని నడుస్తుండగా, పరిస్థితి మారిన ఆ క్షణంలో చేసేది. అమెరికా ఆర్మీ ఈ రెండింటినీ విడివిడిగా నేర్పిస్తుంది. ఏది మేలు అని అడిగితే రెండూ కావాలని చెప్పి తప్పుకోవచ్చు. కానీ టైమ్, మనుషులు, శిక్షణ అన్నీ పరిమితంగా ఉన్నప్పుడు దేనికి ఎక్కువ ఇవ్వాలో తేల్చుకోక తప్పదు. నా మొగ్గు ముందస్తు లెక్క వైపే. అయితే ఆ లెక్కలో చాలామంది గంటలు గంటలు ఖర్చుపెట్టే భాగం మాత్రం నాకు అంత ముఖ్యంగా కనిపించదు.

ముందు ప్రక్రియ చూద్దాం. అందులో ఐదు మెట్లున్నాయి. ఎక్కడ దెబ్బ తగలొచ్చో గుర్తించాలి. అది ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా తగులుతుందో అంచనా వేయాలి. జాగ్రత్తలు ఆలోచించి, ముందుకెళ్లాలో వద్దో నిర్ణయించాలి. ఆ జాగ్రత్తలను అమలు చేయాలి. అవి పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టి చూస్తూ ఉండాలి. వీటి వెనక ఉన్న సూత్రాల్లో రెండు అసలైనవి: అనవసరమైన రిస్క్ తీసుకోకూడదు, రిస్క్ నిర్ణయం దానికి తగిన స్థాయిలో ఉన్నవాళ్లే తీసుకోవాలి.

కాగితం మీద ఇది ఎలా ఉంటుందో ఒక్క వరుస చూస్తే అర్థమవుతుంది. రాత్రిపూట లైట్లు ఆర్పేసి, దుమ్ము దారిలో కాన్వాయ్ వెళ్లాలి. ప్రమాదం: బండి బోల్తా పడటం. అప్పుడప్పుడు జరగొచ్చు, జరిగితే తీవ్ర గాయాలు. ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా అన్నవాటిని బట్టి రిస్క్ స్థాయిని రంగులతో చూపే పట్టికలో ఆ రెండు గళ్లూ కలిసే చోట ‘హై’ అని ఉంటుంది. ఇప్పుడు జాగ్రత్తల గడి నింపాలి. ‘డ్రైవర్లు జాగ్రత్తగా నడపాలి’ అని రాస్తే అది జాగ్రత్త కిందకి రాదు, ఎందుకంటే దాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు. గరిష్ఠ వేగం ఎంత, బండికీ బండికీ మధ్య దూరం ఎంత, మలుపు దగ్గర దిగి దారి చూపేది ఎవరు, సీటు బెల్టులు బయల్దేరేముందు చూసేది ఎవరు అన్నవి రాస్తే, బోల్తా పడే అవకాశం అరుదుగా మారి రిస్క్ ‘మీడియం’కి దిగుతుంది. జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా మిగిలే ఈ రిస్క్‌కు ఒప్పుకుంటూ ఎవరు సంతకం పెట్టాలన్నది దాని స్థాయిని బట్టి ఉంటుంది. ‘హై’ అయితే పై అధికారి దగ్గరకి వెళ్లాలి.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. పై అధికారి దాకా వెళ్లకుండా ఉండటానికి ‘అప్పుడప్పుడు’ను ‘అరుదుగా’ అని మార్చేస్తే చాలు, రంగు మారిపోతుంది. పాత ఫారం తీసి తేదీ మార్చి సంతకం పెట్టించుకోవడం ఇంకా ప్రమాదం. అలాంటి ఫారం ఉండటం కంటే లేకపోవడమే మంచిది, ఎందుకంటే అది లేని ధైర్యాన్ని ఇస్తుంది.

అక్కడికక్కడ చేసే అంచనాకు అమెరికా నేవీ నాలుగు మాటల సూత్రం నేర్పిస్తుంది: పరిస్థితి అంచనా వేయి, చేతిలో ఉన్నవాటిని సర్దుకో, పక్కవాళ్లకి చెప్పు, పని చేసి తర్వాత సమీక్షించుకో. ఇందులో ఫారాలుండవు, సంతకాలుండవు. శత్రువు, వాతావరణం, యంత్రం ఏదీ మన ప్లాన్ ప్రకారం నడవదు కాబట్టి ఇది లేకుండా ఎవరూ బతకలేరు. కానీ టెన్షన్‌లో మనిషికి కొత్త ఆలోచనలు రావు, అలవాటైనవే వస్తాయి.

2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్‌లో జరిగింది అదే. వేగం నియంత్రణను పక్కనున్న కన్సోల్‌కి (నౌకను నడిపే కంట్రోల్ ప్యానెల్‌కి) మార్చబోయి స్టీరింగ్ కూడా మార్చేశారు. స్టీరింగ్ పోయిందనుకున్నారు. నౌక పక్కకు తిరిగి ఆల్నిక్ అనే ట్యాంకర్‌కి అడ్డంగా వెళ్లింది, రెండూ ఢీకొన్నాయి. 10 మంది చనిపోయారు. అక్కడున్నవాళ్లలో కొందరు వేరే నౌక నుంచి తాత్కాలికంగా వచ్చినవాళ్లు, ఆ కన్సోల్ మీద సరైన శిక్షణ లేనివాళ్లు. ఆ క్షణంలో నాలుగు మాటల సూత్రం గుర్తొచ్చినా, సర్దుకోవడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఆ ఏడాది జూన్ నాటికి, జపాన్ స్థావరంగా ఉన్న అమెరికా క్రూయిజర్లు, డిస్ట్రాయర్ల శిక్షణ సర్టిఫికెట్లలో 37 శాతానికి గడువు తీరిపోయిందని ప్రభుత్వ తనిఖీ సంస్థ తేల్చింది. గడువు తీరినా నౌకలు డ్యూటీకి వెళ్తూనే ఉన్నాయి. అంటే రిస్క్ నిర్ణయం ఒడ్డు మీదే జరిగిపోయింది, ఫలితం మాత్రం సముద్రంలో కుర్రాళ్ల మీద పడింది.

ముందస్తు లెక్క ఏం చేయగలదో 1980లో ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించబోయిన అమెరికా ఆపరేషన్ చూపిస్తుంది. ఏప్రిల్ 24న నిమిట్జ్ నౌక నుంచి 8 హెలికాప్టర్లు బయల్దేరాయి. ముందుకెళ్లాలంటే కనీసం 6 ఉండాలని ముందే తేల్చుకున్నారు. దారిలో రెండు పోయాయి. ఎడారిలో దిగాక మూడోది హైడ్రాలిక్ సమస్యతో ఇక పనికిరాదని తేలింది. మిగిలినవి 5. అర్ధరాత్రి ఎడారిలో, ఇంతదూరం వచ్చాక, ‘ఐదుతో వెళ్దాం’ అని ఎవరికైనా అనిపిస్తుంది. ముందే గీసుకున్న గీత ఉంది కాబట్టే వెనక్కి రావాలని దళ నాయకుడు సిఫార్సు చేయగలిగాడు, అధ్యక్షుడు కార్టర్ ఒప్పుకున్నాడు.

ఆ తర్వాతే ఘోరం జరిగింది. వెళ్లిపోయే హడావుడిలో, దుమ్ములో, ఒక హెలికాప్టర్ ఇంధనం ఉన్న విమానాన్ని ఢీకొట్టి 8 మంది చనిపోయారు. రహస్యం కోసమని దళాలన్నీ కలిసి పూర్తిస్థాయి రిహార్సల్ ఒక్కటీ చేయలేదు. ఆగాలా వద్దా అన్నది ముందే తేల్చుకున్నారు, అది పనిచేసింది. దుమ్ములో, చీకట్లో అందరూ ఒకేచోట కదలడం అలవాటు చేసుకోలేదు, అక్కడ దెబ్బతిన్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి దిగిన మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్‌కి కూడా ముందస్తు లెక్కే దారి చూపింది. రాత్రి వెన్నెల, తెల్లవారుజామున సముద్రం పోటు తగ్గి ఉండటం రెండూ కుదిరే రోజులు 1944 జూన్‌లో కొన్నే ఉన్నాయి. వాతావరణం బాగోక జూన్ 5 నుంచి ఒకరోజు వాయిదా వేశాడు, కాస్త తెరిపి దొరుకుతుందనగానే 6కి ఖాయం చేశాడు. పారాట్రూపర్లను దించితే నష్టం భరించలేనంత ఉంటుందని వైమానిక దళాధిపతి లీ-మలరీ హెచ్చరించినప్పుడు, ఆ నిర్ణయాన్ని కిందికి నెట్టకుండా తనే తీసుకున్నాడు.

కాబట్టి టైమ్ ఉన్న చోట ముందస్తు లెక్కే మేలు. ఆ టైమ్‌ను పట్టికలో రంగుల మీద కాకుండా మూడింటి మీద పెట్టాలి. ఏ అంకె దాటితే ఆగిపోవాలి? అక్కడున్నవాళ్లు తమంతట తాము ఎంతవరకు నిర్ణయించుకోవచ్చు, ఏది పైకి అడగాలి? వెనక్కి రావడంతో సహా ఏయే భాగాలు రిహార్సల్ చేశాం? పరిస్థితి నిమిషాల్లో మారే గస్తీ, సముద్రంలో కాపలా, గాల్లో ఇంధనం నింపడం లాంటి పనుల్లో మాత్రం ఫారం పొడుగు తగ్గించి, ఆ గంటలను డ్రిల్లుకి ఇవ్వాలి. పని ముగిశాక జరిగే సమీక్షలో బయటపడ్డ విషయం తర్వాతి ఫారంలో ఒక వరుసగా చేరాలి. అది చూసుకోవాల్సింది ఆ ఫారం మీద సంతకం పెట్టే అధికారే.